పౌరుషగ్రంథి – వీరరసము: రోగానుభవ రచనయందు విజయభావన

వీరరసమునకు ఉత్సాహము స్థాయిభావమని ఆలంకారికులు చెప్పిరి. విజయము స్థాయిభావమని చెప్పలేదు. ఈ చిన్న భేదమును మనము తఱచుగా విస్మరించుచున్నాము. గెలిచినవానినే వీరుడనుట లోకవ్యవహారము. కాని భరతుడు వీరరస విభావములను లెక్కించునపుడు బలపరాక్రమములకు ముందే అసమ్మోహమును, అధ్యవసాయమును పేర్కొనెను. మనస్సు కలతపడకుండుట అసమ్మోహము. చేయవలసినదానిని నిశ్చయించుకొని నిలుచుట అధ్యవసాయము. ఫలమెట్లున్నను ఈ రెండును నిలిచినచో రసము నిలుచును. ఈ సూత్రమును మన సాహిత్యమున అంతగా చోటు దొరకని యొక వస్తువునకు అన్వయించి చూచుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఆ వస్తువు ప్రోస్టేట్ క్యాన్సరుతో జీవించు మనుష్యుని నిత్యజీవితము. అందు అతడు తనవని చెప్పుకొనదగిన చిన్న విజయములు.

ఈ గ్రంథి మూత్రాశయమునకు దిగువను, మూత్రనాళమును చుట్టుకొని యుండును. తెలుగు వైద్యపరిభాషలో దీనికి పౌరుషగ్రంథి యను పేరు గలదు. ఈ పేరునందే విమర్శకుడు విచారింపవలసిన సంగతి యున్నది. పౌరుషమను పదమునకు పురుషత్వమొక యర్థము, పరాక్రమము రెండవది. దైవమునకు ప్రతిగా చెప్పబడు మానవప్రయత్నము మూడవది. ఈ క్యాన్సరు పురుష హార్మోనుపై ఆధారపడి పెరుగునని 1941లో చార్లెస్ హగిన్స్ నిరూపించెను; అందులకు ఆయనకు 1966లో నోబెల్ బహుమానము లభించెను. ఆ హార్మోనును తగ్గించుట నేటికిని ముఖ్యచికిత్సలలో నొకటి. దానివలన అలసట, ఒంటిలో ఆవిరులు, కోరిక సన్నగిల్లుట కలుగవచ్చును. శస్త్రచికిత్స జరిగినవారిలో కొందఱికి మూత్రముపై పట్టు సడలవచ్చును. రోగి మొదటి రెండర్థములనే పట్టుకొని తన పౌరుషము పోయినదని భావించును, మౌనము వహించును. మా ఆసిఫాబాదులో ఉదయమున నడకకు వచ్చు పెద్దలు చక్కెరవ్యాధిని గూర్చి బాహాటముగా మాటలాడుకొందురు; మోకాళ్ల నొప్పులను గూర్చి పరిహాసములాడుదురు. ఈ రోగము పేరు మాత్రము వారి నోట రాదు. నోట రానిది కలమునకు వచ్చుట అరుదు.

రోగము మన కావ్యసంప్రదాయమునకు క్రొత్తది కాదు. మయూరుడు సూర్యశతకము రచించి కుష్ఠమునుండి విముక్తుడయ్యెనని ఐతిహ్యము. వాతరోగపీడితుడైన నారాయణ భట్టతిరి గురువాయూరున నారాయణీయము ముగించి స్వస్థుడయ్యెనని చెప్పుదురు. ఈ కథలలో రోగము ఆరంభము, స్తుతి మధ్యము, ఆరోగ్యము ఫలశ్రుతి. ప్రోస్టేట్ క్యాన్సరు ఈ నిర్మాణమునకు లొంగదు. తొలిదశలో కనుగొన్నచో పూర్తిగా నయమగుట కలదు. అనేకులలో ఇది మెల్లగా పెరుగును. ఎముకలకు ప్రాకినపిదప దానిని అదుపులో నుంచి ఏండ్లతరబడి జీవించువారు కలరు గాని, నిర్మూలించుట సాధారణముగా సాధ్యము కాదు. కనుక ఈ రోగి అనేకపర్యాయములు మధ్యమునందే నివసించును. ఫలశ్రుతి లేని ఈ మధ్యమునకు రూపము కల్పించుటయే రచయిత యెదుటనున్న సమస్య.

పరిష్కారముగా తఱచు వినబడునది యుద్ధరూపకము: రోగముతో పోరాటము, దానిపై గెలుపు. సుసాన్ సోంటాగ్ 1978లో ప్రకటించిన గ్రంథమున ఈ రూపకము రోగిని బాధించునని వాదించెను. ఆమెయు క్యాన్సరును అనుభవించినదే. మా ప్రాంతమున ఈ మాటకు ప్రత్యేకమైన బరువున్నది. వీరుడనగానే ఇచటివారికి జోడేఘాట్ కొండలు, 1940లో అచట నేలకొరిగిన కొమురం భీము స్ఫురించును. అల్లం రాజయ్య, సాహు ఆ చరిత్రను నవలగా రచించిరి. అది యుద్ధవీరము, అచట శత్రువు వేఱు, తాను వేఱు. రోగమునందు శత్రువు తన కణమే. అంతేకాక, రక్తపరీక్షలో పి.ఎస్.ఏ. సంఖ్య తగ్గుట విజయమైనచో, అది పెరుగుట పరాజయము కావలసివచ్చును. ఏ తప్పును చేయనివానిని ఓడినవాడనుట ధర్మమా?

ఇచట స్థాయిభావ విచారము మనకు దారి చూపును. సంఖ్య తగ్గుట శుభవార్త, దానికి సంతోషింపవచ్చును. కాని అది ఉత్సాహముయొక్క కార్యము కాదు. భయమును దాచక పరీక్షకు పోవుట, ఇంటివారికి నిజము చెప్పుట, అలసిన ఒంటితో కొంతదూరము నడచుట, చేపట్టిన పనిని ముగించుట – ఇవి ఉత్సాహకార్యములు. ఇవియే విజయములు. పరీక్షాఫలము చెడినను ఇవి చెడవు. ఈ వీరమునకు శాస్త్రమున స్థానము లేకపోలేదు. మన తెలుగువాడైన జగన్నాథ పండితరాయలు రసగంగాధరమున ప్రసిద్ధములైన నాలుగు భేదములతో వీరమును ముగింపక సత్యవీరమును, క్షమావీరమును గూడ ఉదాహరించెను. రోగసత్యమును పలుకువాడు సత్యవీరుడు. దానిని సహించి పనిచేయువాడు క్షమావీరుడు.

ఈ ప్రమాణముతో కొందఱిని పరిశీలింతము. అమెరికా విమర్శకుడు అనతోల్ బ్రోయార్డ్ తనకు ఈ రోగమే యున్నదని 1989లో తెలిసికొని, 1990లో మరణించెను. ఆయన వ్యాసములు 1992లో గ్రంథముగా వెలువడెను. రోగి తన రోగమునకు తనదైన శైలిని ఏర్పఱచుకొనవలెనని ఆయన మతము. ఆయన గెలిచినది రోగమును కాదు, శైలిని. మన ఉత్తర తెలంగాణమున జగిత్యాలలో పుట్టిన అలిశెట్టి ప్రభాకర్ రోగము వేఱు, క్షయ. 1954లో జన్మించి 1993లో మరణించిన ఆ కవి, రోగము ముదురుచున్నను ‘సిటీ లైఫ్’ కవితలను విడువక వ్రాసెను. ఆ సంపుటి 1992లో వెలువడెను. నటుడు అక్కినేని నాగేశ్వరరావు ఉదరమున క్యాన్సరు సోకినదని 2013 అక్టోబరులో పత్రికలవారికి తానే చెప్పి, ‘మనం’ చిత్రమున తన పాత్రకు గాత్రదానము ముగించి, 2014 జనవరి 22న కన్నుమూసెను. మువ్వురును మరణించిరి. మువ్వురియందును స్థాయి చెడలేదు.

చిన్న విజయములను కొనియాడుట ఆత్మవంచన కాదా యని ఆక్షేపింపవచ్చును. బాధను కప్పిపుచ్చుటకైనచో అది వంచనయే. బాధను చెప్పి, దాని ప్రక్కన విజయమును చెప్పినచో అది స్వభావోక్తి. ఈ వ్యాసకర్తయు ఈ రోగముతో జీవించువాడు గనుక ఒక ఉదాహరణము చెప్పుట అనుచితము కాదు. ఆసిఫాబాద్ రోడ్డు స్టేషనునుండి హైదరాబాదునకు వైద్యమునకై పోవునపుడెల్ల తలుపు దగ్గఱి సీటునే వెదకుకొనుట నాకు అలవాటయ్యెను. ఒకనాడు వెంటనున్న సహోపాధ్యాయుడు కారణమడిగెను. ఏదో చెప్పి తప్పించుకొనక ఉన్నమాట చెప్పితిని. ఆయన కొంతసేపు మిన్నకుండి, “నాకు సుత రాత్రి నాలుగుసార్లు లేవాల్సొస్తది సార్, ఇంట్ల చెప్పలే” అనెను. అట్టి బాధ క్యాన్సరే కానక్కఱలేదు. వయస్సుతో గ్రంథి పెరుగుటవలనను కలుగును. పరీక్ష చేయించుకొనుమంటిని, ఆయన చేయించుకొనెను. ఆనాటి నా రక్తపరీక్షలో సంఖ్య పెరిగియే యుండెను. నా లెక్కలో ఆ దినము విజయదినమే.

ఇట్టి అనుభవమునకు ఉద్ధతమైన వచనము పనికిరాదు. దహెగాం ప్రాంతపు తెనుగుపల్లెలో జన్మించిన సామల సదాశివ ‘యాది’లో చూపిన తీరు, కూర్చుండి నెమ్మదిగా ముచ్చట చెప్పు తీరు, దీనికి తగినది. పరిశోధక విద్యార్థులు జానపదగేయములను సేకరించినట్లే ఈ ముచ్చటలను గూడ, చెప్పువారి సమ్మతితో, పేర్లు మఱుగుపఱచి సేకరింపవలెను. గోండి, కొలామి మాటలాడు వృద్ధులను విడువరాదు. సేకరించునపుడు “రోగము తగ్గినదా” యని మొదట అడుగరాదు. “ఈ దినము ఏమి చేసితిరి” అని అడుగవలెను. పౌరుషమను పదముయొక్క మూడవ యర్థము ఆ ప్రశ్నకు వచ్చు సమాధానములలో దొరకును.