ఆకాకరమ్మా, రావే!

తొలకరి తోబుట్టువా, కాకర ఇంట పుట్టీ చేదెరుగని చిన్నదానా, ఆకాకరా! నల్లమల నీడల్లో, ఆదిలాబాదు అడవుల్లో ఎవరూ నాటకుండానే మొలిచి, ఎవరూ నీరు పోయకుండానే పెరిగి, వానాకాలపు సంతలో గంపెక్కి రాణిలా కూర్చుంటావు. బోడకాకరమ్మా అని తెలంగాణ తల్లులు బేరమాడుతుంటే బెట్టు సడలించవు. నీ ధర విని ముక్కున వేలేసుకున్నవాళ్లే మరుక్షణం సంచి తెరిచి నిలబడతారు!

అంతటి నిన్ను పెరటికి పిలవడం మాటలా? గింజ వేస్తే గట్టి పెంకులో ముడుచుకుని మొండికేస్తావు. మొలిచినా, పూత వచ్చేదాకా ఆడో మగో గుట్టు విప్పవు. అందుకే తెలిసినవాళ్లు కాసిన తీగ కింది దుంపనే అడిగి తెచ్చుకుంటారు. ఎనిమిదో పదో ఆడదుంపలకు ఒక మగదుంపను జత చేసి నీ కాపురం నిలబెడతారు.

చినుకు తాకగానే దుంప కన్ను తెరుస్తుంది. చిగురువై లేచి, తీగవై సాగి, పందిరి నిండా పచ్చగా పరుచుకుంటావు. వెంట్రుకంత నులితీగ గాలిని తడిమి తడిమి, పుల్ల దొరకగానే మెలిమీద మెలి వేసి, ఇక వదలనంటుంది.

పొద్దు వాలాక నీ అసలు సింగారం! లేతపసుపు రేకులు విప్పి రాత్రి తిరిగే రెక్కల పురుగులను పిలుస్తావు. మగమొగ్గకు ఆకుపచ్చని ముసుగు. ఆడపువ్వు అడుగున అప్పుడే బుల్లి పిందె, దాని ఒంటినిండా గుచ్చని ముళ్లు. మేడమీది కుండీకి ఆ పురుగులు రాని రాత్రి, మగపువ్వు కోసి ఆడపువ్వు నడుమ పుప్పొడి అద్దే చేయే నీకు పెళ్లిపెద్ద.

పచ్చగా కోస్తే ఉల్లికారం వేపుడువి. కోయక మరిస్తే నారింజ రంగున పగిలి ఎర్రని గింజలు చూపే జాణవి. చలి ముదిరితే తీగ ఎండగట్టి మట్టిలోకి జారుకుంటావు. అప్పుడు నీళ్లు పోస్తే కుళ్లిపోతావు. ఊరకుండటమే నీకు పూజ, ఎదురుచూడటమే నైవేద్యం.

నీ దుంప చల్లగుండ! నీ తీగ పందిరి దాటి పొరుగింటికి పాకుగాక! అడిగిన ప్రతి చేతికీ నీ ముక్క దక్కుగాక! ఏటేటా, వానకంటే ముందే వచ్చి మా వంటింటి గడప తొక్కవే తల్లీ!