బండ కదలాలంటే ఎన్ని హార్స్‌పవర్లు?

రాళ్ల మీదికి జీపు ఎక్కించే సరదా ఉన్నవాళ్లు ముందు అడిగేది ఇంజన్ ఎన్ని హార్స్‌పవర్లని. వాళ్లను శివరాత్రికి మేళ్లచెరువు తీసుకెళ్లాలి. పాత నల్లగొండ జిల్లాలో, ఇప్పటి సూర్యాపేటలో ఉన్న ఈ ఊరి శంభులింగేశ్వరుడి జాతర ఎడ్లతో రాతిబండలు లాగించే పందేలకు పెట్టింది పేరు. పాలమూరు దిక్కు మల్దకల్ తిమ్మప్ప జాతరలోనూ బండలాగుడు ఉంటుంది.

ఎడ్లను పళ్లను బట్టి విడదీస్తారు: పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు, ఆరు, ఆపైన జూనియర్, సీనియర్. వయసుతో పాటు బండ బరువూ పెరుగుతుంది. ఇచ్చిన సమయంలో ఎక్కువ అడుగులు లాగిన జోడుదే గెలుపు.

పది క్వింటాళ్ల బండ అనుకుందాం. మట్టి మీద ఈడ్వాలంటే దాని బరువులో సగం, అంటే 500 కిలోల లాగుడు కావాలనుకుంటే, నిమిషానికి 150 అడుగుల నడకకు తేలేది 5 హార్స్‌పవర్లు. మన బోరు మోటారంత! నాగలికి కట్టిన జోడు పొద్దంతా ఇచ్చేది ఒక హార్స్‌పవర్‌కు అటూ ఇటూ. పందెపు ఎడ్లు కాసేపు దానికి అయిదింతలు ఇస్తాయన్నమాట. మోపెడ్ ఇంజన్ బలమూ దాదాపు ఇంతే. దాన్ని బండకు కట్టి చూడండి, చక్రం ఉన్నచోటే తిరుగుతుంది.

కిటుకంతా పట్టులో ఉంది. నడుస్తున్న బండ కంటే నిలబడ్డ బండను కదిలించడం కష్టం. అందుకే తోలేవాడు అదిలించగానే రెండు మెడలూ ఒక్కసారే కాడి మీద పడాలి. ఒకటి ముందడుగు వేసి ఇంకొకటి వెనకబడితే కాడి వంకర తిరుగుతుంది, బలం వృథా అవుతుంది. వలపట అలవాటైన ఎద్దును దాపట కడితే మొదటికే మోసం. ఇక బండను కాడికి కలిపే పగ్గం చూడండి. కాడి ఎత్తున, బండ నేల మీద ఉండటంతో పగ్గం ఏటవాలుగా బిగుసుకుని బండ ముందంచును కాస్త పైకి లేపుతుంది. అదే బిగువు ఎడ్ల మెడలను కిందికి నొక్కి, గిట్టలను నేలలో దిగేస్తుంది. పగ్గం పొడవైతే ఈ రెండు లాభాలూ తగ్గుతాయి. మరీ పొట్టిదైతే మెడలకు భారం, వెనక కాళ్లకు బండ భయం.

జీపుదీ ఇదే కథ. రెండో ప్రపంచ యుద్ధంలో కొండాకోనా తిరిగిన విల్లిస్ జీపుకున్నది 60 హార్స్‌పవర్లే. అన్నిటికంటే కింది గేరులో ఇంజన్ 25 చుట్లు తిరిగితే గాని చక్రం ఒక్క చుట్టు తిరగదు. టన్నున్నర బండి 45 డిగ్రీల రాతివాలును గంటకు 2 కిలోమీటర్ల చొప్పున ఎక్కడానికి కావలసింది 8 హార్స్‌పవర్లే, రాపిడికి పోయేది వేరు. మిగతాదంతా హైవే మీద ఉరకడానికి!

ట్రాక్టర్లు వచ్చాక దుక్కికి ఎద్దుతో పని బాగా తగ్గింది. అయినా ఉలవలు పెట్టి ఒంగోలు గిత్తలను మేపే రైతులు ఉన్నారంటే అందులో ఈ పందేల పుణ్యం కొంత ఉంది. నాకు నచ్చనిది చెర్నాకోల ఒక్కటే. దెబ్బ పడ్డ ఎద్దు ఎగిరి దూకుతుంది, జత అడుగు తప్పుతుంది. కొట్టకుండా గొంతుతోనే తోలాలని నియమం పెడితే పందెం రుచి తగ్గదు, ఎవరు ఎంత బాగా మేపి మచ్చిక చేసుకున్నారో జనానికి తెలుస్తుంది.