తేల్చి చెప్పే చేతులు

ఆదోని అంటే పత్తి మార్కెట్, జిన్నింగ్ మిల్లులు. దుమ్ముకు తోడు గాల్లో తేలే దూది పీచు, పైన కర్నూలు ఎండ. కంప్యూటర్లకు ఇది కష్టమైన చోటే.

ఆదోనిలోనైనా ఎమ్మిగనూరులోనైనా, ఫొటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్ మధ్యలో స్క్రీన్ మీద గీతలు పడితే, మంచి మెకానిక్ వెంటనే "గ్రాఫిక్స్ కార్డు పోయింది" అనడు. ముందు కేబుల్ మారుస్తాడు. కార్డు ఊడదీసి, బంగారు పూత అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దుతాడు. ఫ్యాను రెక్కల సందుల్లో ఇరుక్కున్న పీచును బ్రష్‌తో లాగుతాడు. ఎండిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది పూస్తాడు. కార్డు కూర్చునే మదర్‌బోర్డు స్లాటు ఇచ్చేది 75 వాట్లే, పెద్ద కార్డుకు మిగతాది పవర్ సప్లై ఇవ్వాలి. అందుకే దాన్నీ మార్చి చూస్తాడు. చివరికి కార్డును వేరే సిస్టంలో పెడతాడు.

కొత్తది అమ్మితే లాభమని తెలిసీ ఇంత ఓపిక పట్టేవాళ్లంటే నాకెంతో గౌరవం. ఆ వేరే సిస్టంలోనూ గీతలే వస్తే అప్పుడంటాడు: "ఇంక పాయెన్నా. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంది, కొత్తది కొనేదాకా మదర్‌బోర్డుకే కేబుల్ పెట్టుకో."