పండితుల పంక్తి

ప్రకృతి శాస్త్రాలకు ఇంగ్లండులో రాయల్ సొసైటీ 1660 నుంచీ వున్నది. చరిత్ర, భాష, తత్వం, అర్థశాస్త్రాలకు అటువంటి సంస్థ లేదు. 1899లో యూరపు అకాడమీలు కలిసి వొక అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నప్పుడుగాని యీ లోటు అక్కడి పండితులకు గట్టిగా తగల్లేదు. అందులో తమ తరపున కూర్చోవడానికి సంస్థే లేకపోయింది! అలా పుట్టి 1902లో రాజశాసనం పొందినది బ్రిటిష్ అకాడమీ. సాటి దేశాల వారి ముందు కుర్చీ లేని చిన్నతనం దాని పుట్టుకకు కారణమని గుర్తుంచుకుంటే, అది సభ్యులను ఎన్నుకునే తీరు త్వరగా బోధపడుతుంది.

అక్కడ ఎవరూ తమంతట తాము అభ్యర్థిగా నిలబడరు. వున్న సభ్యులే పేరు ప్రతిపాదించాలి, ఆ శాస్త్ర విభాగంవారు తూచాలి, కార్యవర్గం జాబితా కట్టాలి, వార్షిక సమావేశం ఆమోదించాలి. మొదటినుంచి చివరిదాకా మాట లోపలివారిదే. మన పురపాలక సంఘాలలోని కోఆప్షన్ సభ్యులను ఎరిగినవారికి యిందులో వింతేమీ కనిపించదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా వొకటే అంటారు. యిక్కడ వడ్డించేవారూ, భోంచేసేవారూ, విస్తరి వేయించేవారూ కూడా వొకరే.

మొదటి సభ్యులందరూ పురుషులు. తొలి స్త్రీ బియాట్రిస్ వెబ్ 1931లో ఎన్నికైంది. అప్పటికి ఆమెకు 73 ఏళ్లు. భర్త సిడ్నీతో కలిసి ఆమె రాసిన కార్మిక సంఘాల చరిత్ర అచ్చయింది 1894లో, అంటే అకాడమీ పుట్టక ముందే. విశ్వవిద్యాలయం గడప తొక్కి పట్టా పుచ్చుకున్న మనిషి కాదామె. పేదల చట్టంపై 1909లో వెలువడిన అసమ్మతి నివేదిక కూడా ప్రధానంగా యీ దంపతుల చేతిపనే. ఆమెను గుర్తించేనాటికి సిడ్నీ ప్రభువు బిరుదు పొంది మంత్రి అయివున్నాడు. రెండిటికీ ముడిపెట్టడానికి నా దగ్గర ఆధారం లేదు. ఆలస్యం మాత్రం ఎవరూ కాదనలేరు.

ఎడ్వర్డ్ థాంప్సన్ సంగతి యింకా ఆలోచించదగినది. ఇంగ్లీషు కార్మికవర్గం రూపొందిన కథ చెప్పే ఆయన మహాగ్రంథం 1963లో వచ్చింది. లీడ్స్‌లో వయోజనులకు సాయంకాలపు పాఠాలు చెబుతున్న రోజులలో రాసినదది. అకాడమీ ఆయనను ఎన్నుకున్నది 1992లో. మరుసటి యేడే ఆయన పోయాడు. మనవాళ్లు కొందరు వెంటనే, "కమ్యూనిస్టు కనుక తలుపు మూశారు" అంటారు. యిది తొందరపాటు. థాంప్సన్ పార్టీని 1956లోనే విడిచాడు; విడవని హాబ్స్‌బామ్ 1976లోనే సభ్యుడైనాడు. హాబ్స్‌బామ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, థాంప్సన్ 1971లో విశ్వవిద్యాలయపు కొలువు వదులుకున్నవాడు. తేడా యిక్కడే వున్నదని నా అనుమానం. ఆ సభ రాజకీయాల కన్న ఉద్యోగపు చిరునామాను ఎక్కువగా చూస్తుంది.

మన రాధాకృష్ణన్ ఉదాహరణ కూడా యీ అనుమానానికే బలమిస్తుంది. భారతీయ తత్వశాస్త్రంపై ఆయన రెండు సంపుటాలు 1923, 1927లలో వచ్చాయి. 1931 నుంచి 1936 దాకా ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షుడు. అకాడమీ పిలుపు వచ్చింది మాత్రం ఆక్స్‌ఫర్డ్ పీఠం ఎక్కిన తరువాత! వాల్తేరులో వున్నప్పుడు ఆ పుస్తకాల బరువు తక్కువా?

పోనీ, పాండిత్యమొక్కటే కొలత అని వారే వొప్పుకున్న సందర్భం వొకటి వున్నది. కళాచరిత్రకారుడు ఆంథొనీ బ్లంట్ సోవియట్ గూఢచారిగా పనిచేశాడని 1979లో బయటపడింది. అతన్ని తీసివేయాలన్న సూచన 1980 వార్షిక సమావేశానికి వచ్చింది. సభ్యులు దాన్ని తేల్చకుండా తరువాతి అంశానికి వెళ్లిపోయారు. ఐనా వొత్తిడి ఆగలేదు, బ్లంట్ తానే రాజీనామా చేశాడు. ఆ వెంటాడటం నచ్చక చరిత్రకారుడు ఏ.జె.పి. టేలర్ కూడా తప్పుకున్నాడు. దేశద్రోహం నింద పడ్డవాడి విషయంలో, గ్రంథాలే చూడాలి, మిగతాది మన పని కాదు అన్న వాదాన్ని ఆ సభ వినగలిగింది. ఆ మాటే సాయంకాలపు బడి పంతులు విషయంలో మూడు దశాబ్దాలు వినిపించలేదు.

దీనికి విరుగుడుగా ఎన్నికను మంత్రుల చేతికి ఇమ్మనడం నాకు సమ్మతం కాదు. ఆ వైద్యం రోగం కన్న చెడ్డది. పండితులను పండితులే తూచనీ. ఐతే పేర్లు పంపే హక్కు బయటి ఉపాధ్యాయులకు, గ్రంథాలయాలకు, కార్మిక విద్యాసంఘాలకు యెందుకు వుండకూడదు? ఫలానా గ్రంథం కోసం ఫలానావారిని ఎన్నుకున్నామని, ఫలానావారిని యిందుకు వద్దన్నామని అచ్చువేయడానికి జంకు దేనికి?