మూలన నిలబడ్డవాళ్ళు

పెళ్ళి ఫొటోని విమర్శించడం మర్యాద కాదని నాకూ తెలుసు. కానీ నా నవలల మీద ఇన్నేళ్ళుగా విమర్శలు పడీ పడీ, ఒక్కసారి నేనూ ఆ కుర్చీలో కూర్చుందామనిపించింది.

ఈమధ్య మా బంధువుల పెళ్ళికి గంగారం వెళ్ళాను. 2016లో వరంగల్ జిల్లా నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి మారిన అడవి పల్లె అది. ఇరుకు పందిట్లో నలభైమందినీ ఒకే ఫొటోలోకి ఇరికించాలని కుర్ర ఫొటోగ్రాఫరు తన వైడ్ యాంగిల్ జూమ్ లెన్సుని చివరంటా వెడల్పు చేశాడు. అందరూ పట్టారు, సంతోషమే. తీరా ఆల్బమ్ వచ్చాక చూస్తే, నడుమ పెళ్ళికూతురు వెన్నెల్లో ఉన్నట్టుంది, నాలుగు మూలలకీ ముసురు పట్టినట్టుంది! కుడిమూలన మా చిన్నమ్మ.

"నేను గింత నల్లగుంటనా బిడ్డా?" అందావిడ.

"కాదు చిన్నమ్మా, అది లెన్సు చేసిన తప్పు" అన్నాను.

నిజమేనండీ. లెన్సు ఎంత వెడల్పుగా చూస్తే అంచుల వెలుగు అంత ఏటవాలుగా వస్తుంది. సూత్రం ప్రకారం 45 డిగ్రీల వాలున వచ్చే వెలుగు నడిమి వెలుగులో నాలుగో వంతే. లెన్సు తయారుచేసేవాళ్ళు అద్దాలను యుక్తిగా అమర్చి ఆ లోటు కొంత పూడుస్తారు. అది చాలక, లెన్సు గొట్టం కూడా పక్కనుంచి వచ్చే కిరణాలకి అడ్డం పడుతుంది. ఎపర్చరుని 2.8 నుంచి 8 దాకా మూస్తే ఈ రెండో నీడ చాలావరకు పోతుంది. ఫిల్టరు మీద ఫిల్టరు బిగిస్తే మాత్రం ఆ చట్రాలే మూలల్ని మింగేస్తాయి.

ఇదంతా తెలియక జరిగితే క్షమించేదాన్నే. అబ్బాయిని అడిగితే, "నేనే ఇంకొంచెం డార్క్ చేసిన మేడమ్. చూపంత జంట మీదికి పోతది" అన్నాడు!

అదీ నా పేచీ. ఒక్కరి బొమ్మకి అంచులు నల్లబరిస్తే అందమే కావచ్చు. గ్రూపు ఫొటోలో అంచంటే మనుషులు కదా! వంటలు ముగించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆఖర్న వచ్చినవాళ్ళకి దొరికేది మూలే. 'విన్యెట్' అంటే ఫ్రెంచిలో చిన్న ద్రాక్షతీగ. పుస్తకాల పుటలకి పూర్వం అలంకారంగా వేసేవారు. అంచుల్ని సింగారించిన మాటే ఇవాళ అంచుల్ని చెరిపేస్తోంది.

ఆ రాత్రి నా నవలలు గుర్తొచ్చాయి. నాయిక మొహం వెలగాలని ఎంతమంది చిన్నమ్మల్ని రెండు వాక్యాల్లో మూలకి తోసేశానో!

అబ్బాయి మంచివాడు. కంప్యూటర్లో మూలలు వెలిగించి ఫొటో మళ్ళీ పంపాడు. చీకట్లోంచి లాగిన వెలుగు కదా, అక్కడ కాస్త ఇసక చల్లినట్టు గరుకుగా ఉంది.

చిన్నమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసుకుంది.

"ఆఁ, గిప్పుడు నేనే" అంది.