శకుంతలోపాఖ్యానమున బిడ్డ హక్కు

ఆంధ్ర మహాభారతము ఆదిపర్వమునందలి శకుంతలోపాఖ్యానమును మన విమర్శకులు తరచుగా రెండు దృష్టులతో పరిశీలించుచుందురు. నన్నయ ప్రసన్నకథాకవితార్థయుక్తికి నిదర్శనముగా గ్రహించుట మొదటిది. సత్యమహిమను, పత్నీధర్మమును బోధించు ఘట్టముగా వ్యాఖ్యానించుట రెండవది. ఈ రెండును సమంజసములే. కాని దుష్యంతుని సభలో జరిగిన వాదము దేనిని గూర్చినదను ప్రశ్న వీనివలన తీరదు. ఆ వాదమునకు కేంద్రము భార్య కాదు, బిడ్డ యని నా యభిప్రాయము.

మూలము దీనికి సాక్ష్యమిచ్చుచున్నది. రాజు తన్నెరుగనని పలికిన పిదప వ్యాసుని శకుంతల, తాను త్యక్తురాలైనచో ఆశ్రమమునకు మరలిపోవుదుననియు, ఆత్మజుడైన ఈ బాలుని విడనాడుట మాత్రము తగదనియు చెప్పినది. ఇందు రెండు బంధములు వేరుచేయబడినవి. దాంపత్యము తెగినను పితృత్వము తెగదు. తన స్థానమును వదలుకొనుటకు సిద్ధపడిన స్త్రీ బిడ్డ స్థానమును వదలుకొనుటకు సిద్ధపడలేదు.

ఇట నన్నయ చేసిన మార్పు గమనింపదగినది. వస్త్రముల స్పర్శగాని, స్త్రీల స్పర్శగాని, జలస్పర్శగాని శిశుస్పర్శవలె సుఖము నీయజాలవని మూలమున నున్నది. నన్నయ ఆ ఉపమానములను విడిచి ముత్యాలహారము, కర్పూరపరాగము, చందనము, వెన్నెల యనువానిని గైకొన్నాడు. ఇవి యన్నియు చల్లనివి. భోగసుఖములతో పోలిక పోయి తాపోపశమనము వచ్చినది. దీనివలన వాదస్వరూపమే మారినది. ధర్మము తప్పుచున్నావని నిందించుటతో శకుంతల ఆగలేదు. బిడ్డను కాదన్న తండ్రి తానేమి కోల్పోవుచున్నాడో అతనికి తెలియజెప్పినది.

ఐనను తీర్పు ఈ వాదమును అనుసరింపలేదు. మూలమున ఆకాశవాణి తల్లిని కేవలము తోలుతిత్తిగా చెప్పి, పుత్రుడు తండ్రివాడే యని నిర్ణయించి, అతనిని భరింపుమనియు, శకుంతలను అవమానింపకుమనియు ఆదేశించినది. భరతనామమునకు ఆ భరణాదేశమే మూలము. బిడ్డకు తండ్రి కావలెనని తల్లి వాదింపగా, బిడ్డ తండ్రి సొత్తని తీర్పు వచ్చినది. ఫలితమొక్కటియే, హేతువులు వేరు. అంతసేపును సభలో నిలిచిన బాలుని ఎవ్వరును ఏమియు నడుగలేదు.

ఆదిపర్వమునందే దీనికి ప్రతిరూపమైన కథ కలదు. శంతనుడు నియమము తప్పగా గంగ ఎనిమిదవ బిడ్డయగు దేవవ్రతుని తనతో గొనిపోయినది. విద్యలన్నియు నేర్పించి పిమ్మట తండ్రి కప్పగించినది. పెంపకమున లోపము లేదు. కాని బాణములతో నదీప్రవాహమును నిలిపిన కుమారుని శంతనుడు గుర్తింపలేకపోయినాడు. విడిపోయిన తల్లిదండ్రుల నడుమ రాకపోకలు లేని కాలము చేయు నష్టమును ఈ ఒక్క సన్నివేశము చెప్పుచున్నది.

కాళిదాసు ఆకాశవాణి తీర్పును సవరించినాడని చెప్పవచ్చును. మారీచాశ్రమమున దుష్యంతుడు భార్యకంటె ముందు బిడ్డను చూచును. బాలుని రక్షను తల్లియు, తండ్రియు, ఆ బాలుడును దక్క అన్యులు తాకినచో అది సర్పమై కరచును. ఆ రక్షకు తల్లి చేయియు తండ్రి చేయియు సమానమే.

ఈ రెండు హేతువుల సంఘర్షణ నేటి న్యాయశాస్త్రమునను కలదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము 6వ సెక్షను తండ్రిని, అతని తరువాత తల్లిని సహజ సంరక్షకులుగా పేర్కొన్నది. ఐదేండ్లు నిండని బిడ్డ సాధారణముగా తల్లియొద్ద నుండవలెననియు చెప్పినది. 13వ సెక్షను బిడ్డ క్షేమమే ప్రధానమన్నది. 1999లో గీతా హరిహరన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ‘తరువాత’ యను పదము తండ్రి మరణమునకే పరిమితము కాదనియు, తండ్రి సంరక్షణ లేనప్పుడును అది వర్తించుననియు అన్వయించినది. 6వ సెక్షను క్రమమున ఆకాశవాణి ఛాయయు, 13వ సెక్షనున శకుంతల వాదముయొక్క ఛాయయు కనబడుచున్నవి. ఇది సాదృశ్యమే గాని కార్యకారణసంబంధము కాదు.

కావున ఈ ఉపాఖ్యానమును బోధించునపుడు ఆకాశవాణి పలుకుతో వివాదము ముగిసినదని చెప్పి విడుచుట చాలదు. శకుంతల గెలిచినది, ఆమె వాదము గెలువలేదు. ఈ భేదమును గుర్తించినగాని నన్నయ ఆ చల్లని ఉపమానములను ఏల ఎన్నుకొన్నాడో బోధపడదు.