పావు మిల్లీమీటరు వంపు

శింగనమల నుంచి కంటి ఆపరేషన్‌కు అనంతపురం వచ్చే అవ్వకు తెలిసింది ఒక్కటే: కంట్లో పొర వచ్చింది, తీసేసి లెన్సు పెడతారు. వెంట వచ్చిన కొడుకులకూ కోడళ్లకూ అంతకు మించి తెలియదు. అందరి ధ్యాసా ఆపరేషన్ గది మీదే ఉంటుంది. కానీ అంతకు ముందు, వెలుతురు తగ్గించిన ఒక చిన్న గదిలో, గడ్డం ఆనించే పట్టీ ఉన్న యంత్రం ముందు అవ్వను కూర్చోబెడతారు. ఒక్కో కంటికి రెండు మూడు నిమిషాల పని. సూది లేదు, కోత లేదు, కంటిని ముట్టుకోవడం కూడా లేదు. ఈ పొర, అంటే శుక్లం, వైద్యం మొత్తంలో నాకు అన్నిటికన్నా అందంగా తోచేది ఈ పనే.

ఆ యంత్రం పేరు కెరటోమీటర్. కార్నియా వంపును కొలుస్తుంది. కార్నియా అంటే నల్లగుడ్డు ముందు, చేతిగడియారం మీది అద్దంలా ఉబ్బి ఉండే పారదర్శకమైన పొర. అడ్డంగా పదకొండు, పన్నెండు మిల్లీమీటర్లుంటుంది. మధ్యలో మందం అర మిల్లీమీటరు. వెలుగును వంచే శక్తిని డయాప్టర్లలో లెక్కిస్తారు; కంటికున్న దాదాపు 60 డయాప్టర్లలో 43 వరకూ దీనివే. ఇది అన్ని దిక్కులకూ ఒకేలా వంగి ఉంటే వెలుగు ఒక్క చుక్క మీద కూడుతుంది. చాలామందిలో అలా ఉండదు. ఒక చెనక్కాయ విత్తనాన్ని అరచేతిలో పెట్టుకుని చూడండి. పొడుగునా వంపు తక్కువ, అడ్డంగా వంపు ఎక్కువ. కార్నియాలో ఆ తేడా లేశమాత్రం ఉన్నా అక్షరానికి నీడ తోడవుతుంది. దీన్నే ఆస్టిగ్మాటిజం అంటారు. కళ్లజోడు చీటీలో ‘సిలిండర్’ అని రాసేది దీనికోసమే.

వయసుతో ఈ వంపు దిశ మారుతుంది. పడుచు కళ్లలో సాధారణంగా నిలువు దిశలో వంపు ఎక్కువ. అరవై, డెబ్బై దాటేసరికి చాలామందిలో అది తిరగబడి అడ్డం దిశలో ఎక్కువవుతుంది. వయసుతో రెప్పల బిగువు సడలడం ఇందుకు ఒక కారణమంటారు. 1996–2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ హైదరాబాద్‌తో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ పల్లెల్లో పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించింది. నలభై దాటినవారిలో మూడింట ఒక వంతుకు పైగా ఈ లోపం ఉందని తేలింది. అది కళ్లజోడు పవరుతో కట్టిన లెక్క. అందులో కార్నియా వాటా ఎంతో విడిగా తెలియాలంటే కెరటోమీటర్ కావాలి.

ముట్టుకోకుండా వంపును కొలవడమెలా? కార్నియా మీద పలచటి కన్నీటి పొర ఉంటుంది కాబట్టి అది అద్దంలా మెరుస్తుంది. తోమిన స్టీలు చెంబు పొట్టలో మన ముఖం చిన్నగా కనపడుతుంది కదా. చెంబు ఎంత గుండ్రమైతే ముఖం అంత చిన్నది. అలాగే కంటి ముందు వెలిగే వలయం ఒకటి పెట్టి, కార్నియాలో దాని ప్రతిబింబం ఎంత చిన్నదైందో కొలిస్తే వంపు వ్యాసార్థం లెక్కకు వస్తుంది. ఈ సూత్రం తేలికే. కష్టమంతా కన్ను కుదురుగా ఉండకపోవడంలో ఉంది. ఎంత నిలిపినా అది సన్నగా వణుకుతూనే ఉంటుంది. కదిలే బొమ్మను స్కేలు పెట్టి కొలవలేం.

దీనికి దొరికిన ఉపాయం తలుచుకున్నప్పుడల్లా నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. స్కేలు పెట్టడమే మానేశారు. పట్టకంతో ఆ ప్రతిబింబాన్నే రెండుగా చీల్చి, పక్కపక్కన నిలబెట్టారు. కన్ను వణికితే రెండు బొమ్మలూ కలిసే వణుకుతాయి. వాటి మధ్య ఎడం మాత్రం మారదు. ఒకదాని అంచు ఇంకోదాని అంచును తాకేదాకా పట్టకాన్ని జరిపి, ఎంత జరిపామో చూసుకుంటే చాలు. 18వ శతాబ్దం చివర్లో జెస్సీ రామ్స్‌డెన్ ఈ దారి చూపాడు. 1850లలో హెల్మ్‌హోల్ట్జ్ దాన్ని ప్రయోగశాల పరికరంగా మలిచాడు. 1881లో జావల్, షియోట్జ్ అనే ఇద్దరు దాన్ని వైద్యుడి బల్ల మీదికి తెచ్చారు.

మన ఆసుపత్రుల్లో బాగా కనపడే బాష్ అండ్ లాంబ్ నమూనా యంత్రంలో వెలుగు వలయానికి అటూ ఇటూ కూడిక గుర్తులు, పైనా కిందా తీసివేత గుర్తులు ఉంటాయి. కొలిచే మనిషి ముందుగా సరిచూసుకునేది తన కన్నునే. కంటికటకం తిప్పి, లోపలి గీతల గుర్తు తనకు స్పష్టంగా కనపడేలా చేసుకుంటాడు. అది వదిలేస్తే తన చూపులోని తేడా అవ్వ లెక్కలో కలుస్తుంది. తర్వాత గొట్టాన్ని అవ్వ కంటి కొస ఎత్తుకు తెస్తాడు. “గడ్డం ఈడ పెట్టవ్వా. నుదురు పట్టీకి ఆనించు. గొట్టం లోపల నీ కన్నే కనపడుతుంది, దాని తట్టే చూస్తా ఉండు.” పొర ముదిరి ఏమీ కనపడకపోతే, వెలుగు ఉన్న తట్టు చూడమంటాడు.

ఇప్పుడతనికి మూడు వలయాలు కనపడతాయి: మధ్యలో ఒకటి, పక్కన ఒకటి, పైన ఒకటి. దూరం సరిగా కుదరకపోతే మధ్య వలయం జంటగా విడిపోయి కనపడుతుంది. తప్పు జరుగుతున్నప్పుడు యంత్రమే చెబుతుందన్నమాట. అది ఒక్కటయ్యేదాకా ముందుకూ వెనక్కూ జరిపి, గొట్టాన్ని మెల్లగా తిప్పుతాడు. కూడిక గుర్తుల అడ్డగీతలు ఒకే వరుసలోకి వచ్చినచోట వంపు దిశ ఎన్ని డిగ్రీలో తెలుస్తుంది. ఎడమ మర తిప్పి కూడిక మీద కూడికను కూర్చోబెడతాడు. కుడి మర తిప్పి తీసివేత మీద తీసివేతను కూర్చోబెడతాడు. ఈ కొలత మొత్తం మూడుసార్లు తీస్తాడు.

చీటీ మీద పడే అంకెలు, ఉదాహరణకు, ఇలా ఉంటాయి: అడ్డం 45.50 డయాప్టర్లు, నిలువు 44.00. వీటినే ‘కె’ అంకెలంటారు. 337.5 అనే స్థిరాంకాన్ని ఈ అంకెలతో భాగిస్తే వ్యాసార్థాలు మిల్లీమీటర్లలో వస్తాయి: 7.42, 7.67. తేడా పావు మిల్లీమీటరు. చూపులో అదే ఒకటిన్నర డయాప్టర్.

ఈ పావు మిల్లీమీటరు డాక్టరు ఎక్కడ కోయాలో కూడా చెబుతుంది. కోత పడిన దిశలో కార్నియా కాస్త చదునవుతుంది. అడ్డం వంపు ఎక్కువగా ఉన్న అవ్వకు కోత పైభాగంలో పెడితే నిలువు వంపు ఇంకా తగ్గి తేడా పెరుగుతుంది. కణత వైపు పెడితే అడ్డం వంపే తగ్గుతుంది. ఆ కత్తే, ఆ లెన్సే. చోటు మారితే చాలు, చూపు తేరుకుంటుంది. లెన్సు పవరు లెక్కలోనూ ఈ అంకెలదే పెద్ద వాటా. పాత ఎస్.ఆర్.కె. సూత్రం ప్రకారం ఇక్కడ ఒక డయాప్టర్ తప్పితే లెన్సులో దాదాపు అంతా తప్పుతుంది. అందుకే ఈ కొలత కంటికి ఏ పరికరమూ తాకకముందే తీస్తారు. యంత్రాన్ని కూడా అప్పుడప్పుడు, వ్యాసార్థం ముందే తెలిసిన నున్నటి ఉక్కు గోళీ పెట్టి పరీక్షిస్తారు. 7.5 మిల్లీమీటర్ల వ్యాసార్థమున్న గోళీకి 45 చూపించి తీరాలి.

మన సీమలో ఈ పనికి ఇంకొంచెం ఓర్పు కావాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పయిన నేల ఇది. ఎండలో, దుమ్ములో, గాలిలో చెనక్కాయ చేలల్లో వంగి పనిచేసిన కళ్లివి. వయసు మీదపడి కన్నీటి పొర త్వరగా ఆరిపోతుంది; వలయం చెదిరిన ముగ్గులా అవుతుంది. “ఒకసారి రెప్ప కొట్టవ్వా” అని, కన్ను తెరిచిన ఆ కొద్ది సెకన్లలోనే గుర్తులు కలపాలి. వాలిన పైరెప్పను వేలితో ఎత్తేటప్పుడు గుడ్డు మీద ఒత్తిడి పడకూడదు, పడితే వంపే మారిపోతుంది. ఎండకూ దుమ్ముకూ ముక్కు వైపు నుంచి కండ పెరిగిన కళ్లు మరీ చిక్కు. ఆ కండ అడ్డం దిశలో కార్నియాను చదును చేస్తుంది. వయసు తెచ్చిన అడ్డం వంపును దాచేయగలదు కూడా. అలాంటప్పుడు ముందు కండ తీసి, కొన్ని వారాలు ఆగి, వంపు కుదుటపడ్డాక మళ్లీ కొలవడమే పద్ధతి. రెండోసారి రమ్మన్నారని విసుక్కోకూడని సందర్భమిది.

కెరటోమీటర్ అన్నీ చూడదు. కార్నియా మధ్యలో మూడు మిల్లీమీటర్ల వృత్తం, అందులోనూ నాలుగు చోట్లే దానికి తెలుసు. వెనుక ఉపరితలం వంపు దానికి అందదు. కార్నియా అంతటినీ వలయాలతో పటం గీసే టోపోగ్రఫీ యంత్రాలూ, మీట నొక్కగానే అంకెలు అచ్చువేసే ఆటో యంత్రాలూ వచ్చాయి. అయినా, చెదిరిన వలయాన్ని కంటితో చూసి ‘ఈ కొలత నమ్మకూడదు’ అని ఆగగలిగిన చేతి మీదే నా గురి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంటి పరీక్షల కోసం తెచ్చిన వైఎస్సార్ కంటి వెలుగు పథకం 2019 అక్టోబర్ 10న అనంతపురంలోనే మొదలైంది. మూడో విడతలో, 2020లో, అరవై దాటిన అవ్వాతాతల వంతు వచ్చింది. ఏ పథకం కింద అయినా సరే, మీ ఇంటి పెద్దల్ని ఆపరేషన్‌కు తీసుకెళ్లినప్పుడు రెండు ‘కె’ అంకెలూ, వాటి డిగ్రీలూ రాసిన చీటీని అడిగి తీసుకోండి, దాచిపెట్టండి. రెండో కంటి ఆపరేషన్‌కు వెళ్లిన రోజు డాక్టరు ముందు అది పెట్టండి.